వాసన చూసే గుమ్మం

మా ఆయన తాళాల మేస్త్రీ. ఆయన తియ్యలేని తాళం ఊళ్లో లేదు. నా ప్రాణానికి వచ్చిందల్లా ఆ పనితనమే. తాగే రోజుల్లో సీసాని బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. నేను వంటగదిలోకి వెళ్ళి వచ్చేలోపు తలపిన్నుతో తాళం తీసి, తాగాల్సింది తాగి, మళ్ళీ బుద్ధిగా తాళం వేసి కూర్చునేవాడు. తాళం మటుకు ఏ రోజూ పాడుచెయ్యలేదు. పనిమంతుడు కదా మరి!

పోయిన చలికాలంలో బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటినుంచి చుక్క ముట్టలేదు. ఇది ఆయన మాట, పాస్టరుగారి మాట, సంఘంలో అందరి మాట. నా మాట కాదు. నేను దేవుణ్ణి నమ్ముతాను, మా ఆయన్ని నమ్మను. "ప్రభువా, ఈ మనిషిని విడిపించు" అని మోకాళ్ళు కాయలు కాసేలా ఏళ్ళ తరబడి ఏడ్చిందీ నేనే, తీరా విడిపించాడని అందరూ సంతోషిస్తుంటే పెదవి విరిచిందీ నేనే.

అందుకని ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. సాయంత్రం పని నుంచి రాగానే ఆయన గుమ్మంలో ఆగి నా మొహం మీద "హా" అనాలి. వాసన లేదని తేలాకే లోపలికి రావాలి. పాపం, మారు మాట్లాడకుండా అనేవాడు. ఒక్కోరోజు "ఉల్లిపాయ తిన్నానే, కాస్త ఓర్చుకో" అని నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. మంచం కింద నా బట్టల పెట్టె సర్ది పెట్టే ఉంది. ఇంకొక్కసారి వాసన వచ్చిందంటే మా తమ్ముడి ఇంటికి వెళ్ళిపోతాననీ, మళ్ళీ ఈ గడప తొక్కననీ ముందే చెప్పేశాను. నేను అన్నానంటే చేస్తానని ఆయనకి బాగా తెలుసు.

ఆ ఆదివారం పాస్టరుగారు ప్రసంగంలో, "మన శత్రువు కంటికి కనపడడు. మన బలంతో కొడితే వాడికి దెబ్బ తగలదు. దేవుడే కొట్టాలి, మనం ఆయన వెనక నిలబడాలి" అన్నారు. మా ఆయన ఆగకుండా తల ఊపుతున్నాడు. కనపడకపోవడమేం, మా వీధి చివర బోర్డు పెట్టుకుని మరీ కూర్చున్నాడు కదా అనుకున్నాను నేను.

మర్నాడు మధ్యాహ్నం ఆ బోర్డు తాలూకు మనిషే మా గుమ్మంలోకి వచ్చాడు. మందు షాపు యజమాని. అందరూ బొజ్జాయన అంటారు.

"మేస్త్రీ, షట్టర్ తాళంలో చెవి విరిగి కూర్చుంది. బయట జనం నా ప్రాణం తోడేస్తున్నారు. నువ్వే దిక్కు."

ఆ పూట ఇంట్లోనే కూర్చుని తాళం చెవి అరగదీస్తున్న మా ఆయన చేతిలో ఆకురాయి ఆగిపోయింది. బొజ్జాయన వైపు చూడలేదు, నా వైపు చూశాడు. వద్దని చెప్పవే అన్నట్టున్న ఆ చూపు నాకు అర్థమైంది. "ఇంకెవరినైనా చూసుకో అన్నా" అంటే సరిపోయేది. కానీ నా పాడు నోరు ఊరుకుంటుందా?

"వెళ్ళవయ్యా. నిన్న అంతలా తల ఊపావుగా! నీ దేవుడు నిన్నెంత కాపాడతాడో ఇవాళ తేలిపోతుంది."

నీ దేవుడు అన్నాను, నాకేమీ కానట్టు. ఆయన మొహం పాలిపోయింది. పనిముట్ల సంచి భుజాన వేసుకుని తల వంచుకుని వెళ్ళాడు.

టీ పెట్టాను. చల్లారింది. విరిగిన చెవి ముక్క లాగడం ఆయనకి చిటికెలో పని. మళ్ళీ వేడి చేశాను, మళ్ళీ చల్లారింది. వీధిలో అడుగుల చప్పుడైతే చాలు, గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. అప్పుడు తెలిసొచ్చింది నేను చేసిందేమిటో. ఇన్నాళ్ళూ శత్రువు ఆ షాపులో కూర్చున్నాడనుకున్నాను. ఇవాళ వాడు నా నోట్లో కూర్చుని మాట్లాడాడు. ఆశ చూపి లాగే శోధనలో పడకుండా కాపాడమని రోజూ వేడుకునేదాన్ని, మొగుణ్ణి నా చేతులారా అందులోకి తోశాను. పొయ్యి పక్కనే మోకరించాను. పెద్ద పెద్ద మాటలేవీ రాలేదు.

"నేను తోసేశాను ప్రభువా, నువ్వు పట్టుకో."

తలుపు దగ్గరగా వేసి బయలుదేరాను. షాపుకి కాస్త ఇవతలే మా చర్చి. దాని మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. చేతిలో సంచి లేదు. చొక్కా ముందు భాగం తడిసిపోయి ఉంది. దగ్గరికి వెళ్ళకముందే వాసన కొట్టింది. మందు వాసన.

నన్ను చూసి లేచాడు. "హా అనమంటావా?" అన్నాడు.

"ఏం జరిగింది?"

"తాళం తీశాను. షట్టర్ లేపగానే ఆ వాసన మొహానికి కొట్టింది. బొజ్జాయన లైట్లు వెయ్యడానికి లోపలికి పోయాడు. సీసా మూత ఎప్పుడు తీశానో నాకే తెలీదే. నోట్లో పోసుకున్నాను."

నేను ఆయన తడిసిన చొక్కా వైపే చూస్తున్నాను.

"ప్రభువా అందామనుకున్నాను. ఎలా అనను, నోటినిండా అదే ఉంటే? మింగితే ఇక పిలవనని నాకు తెలుసు. ఉమ్మేశాను. చొక్కా మీదే పడింది. అప్పుడు అరిచాను. ఆ కేకకి బొజ్జాయన బయటికొచ్చాడు. సంచి కూడా తీసుకోకుండా వచ్చేశాను." కళ్ళు తుడుచుకున్నాడు. "గెలిచింది నేను కాదే. నా చేతుల్లో ఉంటే సీసా ఖాళీ అయ్యేదాకా అక్కడే ఉండేవాణ్ణి. ఎవరో మెడ పట్టుకుని బయటికి గెంటినట్టయింది."

ఇలాంటి కథలు నేను చాలా విన్నాను. ఒకసారి దగ్గు మందన్నాడు, ఇంకోసారి పక్కవాడు మీద ఒలకబోశాడన్నాడు. అన్నింటికీ ఇదే వాసన. నా ముక్కు చెప్పేది ఒకటి, ఎదురుగా ఏడుస్తున్న మనిషి చెప్పేది ఇంకొకటి.

"బొజ్జాయన్ని అడుగు," అన్నాడు ఆయనే. "ఆ సంచి లేకపోతే రేపు పని లేదు. కానీ నేను మళ్ళీ అక్కడికి పోలేను."

"నువ్విక్కడే ఉండు. నేను తెస్తాను."

షాపు ముందు జనం మూగి ఉన్నారు. అందరినీ తోసుకుంటూ వెళ్ళాను. కౌంటర్ కింద నుంచి సంచి తీస్తూ బొజ్జాయన నన్ను చూసి అదోలా తల ఆడించాడు.

"ఇవాళ మీ ఆయన ఇక్కడ ఏం చేశాడో తెలుసా చెల్లెమ్మా?"

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. బొజ్జాయన ఒక్క ముక్క చెబితే చాలు, మంచం కింద పెట్టె సంగతి తేలిపోతుంది. చెప్పన్నా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ప్రభువా అనుకున్నాను లోపల. అది మా ఆయన కోసం కాదు, నా కోసం.

"తెలుసన్నా," అన్నాను. "సంచి ఇటివ్వు."