ఆరున్నొకటి

ఆ రోజు కొండెక్కడానికి వచ్చినవాళ్లు పన్నెండు మంది. పదకొండు మందిది ఒకే ఆఫీసు. పన్నెండో మనిషి రిటైరైన ఒక నర్సు. ఆమె ఒక్కతే వచ్చింది. వ్యానులో డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది, దారంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

ముందు నడిచే గైడుకి నలభై రెండేళ్లు. పదకొండేళ్లుగా అదే కొండ, అదే బాట. పొద్దున ఎనిమిదికి కింద గేటు దగ్గర బయల్దేరాలి. ఒంటిగంటకి పైనున్న రాతిగదిలో భోజనం పెట్టాలి. అవతలి వైపు జీపుదారిన సాయంత్రం అయిదుకల్లా జనాన్ని దించెయ్యాలి. ఇన్నాళ్లూ వెనక నడిచే గైడు ఆమె భర్తే. మోకాలికి ఆపరేషనై అతను మంచానికి అతుక్కుపోయాడు. రెండు నెలలుగా ఆ చోట ఆమె తమ్ముడు నడుస్తున్నాడు. అంతకుముందు వాడు పార్శిల్ వ్యాను తోలేవాడు.

“పార్శిళ్లే నయం అక్కా,” అన్నాడు గేటు దగ్గర. “ఎక్కిస్తే ఎక్కుతాయి, దింపితే దిగుతాయి. మధ్యలో ఫొటోలకి ఆగవు.”

“నోటికి తాళం వెయ్యి. వింటారు.”

“విననీ. నవ్వుకుంటూ నడుస్తారు.”

పని పద్ధతి చిన్నది. ముందు గైడుని దాటి ఎవరూ పోకూడదు. వెనక గైడుకి వెనక ఎవరూ మిగలకూడదు. రాతిగదికి ముందు మూడు మజిలీలు. ప్రతి మజిలీలో తలలు లెక్కపెట్టాలి. అందరూ ఒకచోట ఉంటే కళ్లతో, గుంపు సాగిపోతే వాకీటాకీలో.

మొదటి రెండు మజిలీల్లో కళ్లతోనే అయింది. రెండోది దాటాక ఏటవాలు పెరుగుతుంది. ఆఫీసువాళ్లలో అయిదుగురు కుర్రవాళ్లు, పందెం వేసుకున్నట్టు నడిచారు. వాళ్లతో గైడు మూడో మజిలీకి చేరేసరికి పదకొండూ నలభై. అది కొండ భుజం మీద ఒక రాళ్లకుప్ప. అక్కడ గాలికి అడ్డు లేదు. చెమట పట్టిన మనుషుల్ని ఆ గాలిలో నిలబెట్టకూడదు. ఆమె వాకీటాకీ తీసింది.

“వెనక ఎంతమంది?”

గరగర. గాలి. “ఆరూ... ఒకటీ అక్కా.”

తన దగ్గర అయిదుగురు. సరిపోయింది.

“సరే. మేం ఆగం. గది దగ్గర కలుద్దాం.”

రాతిగదిలో అట్టపెట్టె ఉంది. జీపు డ్రైవరు పొద్దున్నే తెచ్చి పెట్టి పోతాడు. అందులో పద్నాలుగు ప్యాకెట్లు. రొట్టె, గుడ్డు, ఒక పండు. నడిచేవాళ్లకి పన్నెండు, గైడ్లకి రెండు. వెనకవాళ్లు ఇరవై నిమిషాల తర్వాత వచ్చారు. కొందరు లోపల బల్లల మీద, కొందరు బయట ఎండలో. ఒకరు మరుగుదొడ్డి వైపు పోతే ఒకరు కుళాయి దగ్గర. గైడు నీళ్లు కాచే పనిలో పడింది. ప్యాకెట్లు తమ్ముడు పంచాడు.

“అక్కా, ఒకటి మిగిలింది. బావకి కూడా చెప్పావా ఏంటి?”

“లేదు. పద్నాలుగే కదా.”

“పద్నాలుగే. మరి నా నుదుటిన రెండు రాసుంది,” అంటూ వాడు రెండో ప్యాకెట్టు చింపాడు.

ఆమె గరిటె కింద పెట్టింది. గది లోపల లెక్కపెట్టింది. బయటికి వెళ్లి లెక్కపెట్టింది. దొడ్డి తలుపు కొట్టింది. లోపలి నుంచి మగగొంతు పలికింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. పదకొండు.

“నర్సమ్మ ఏది?”

తమ్ముడి నోట్లో రొట్టె ఉంది. “మీతో రాలేదా?”

“నాతో ఎందుకొస్తుంది? నువ్వేం చెప్పావ్ నాకు? రాళ్లకుప్ప దగ్గర అడిగితే ఏం చెప్పావ్?”

“ఆరూ ఒకటీ అన్నా.”

“అంటే?”

“అంటే ఏంటక్కా, ఆరుగురూ, నేనొకణ్ణీ.”

ఆమె అత్తగారి ఇంట్లో ఏడు అనే మాట పలకరు. ఏడు అంటే ఏడవమన్నట్టే అంటుంది అత్తగారు. కొలిచినా, పంచినా, ఆరు తర్వాత ఆరున్నొకటి, ఆ తర్వాత ఎనిమిది. పెళ్లైన కొత్తలో గైడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఆ మాట ఆమె నాలుకకీ పట్టింది. కొడుక్కి ఆరున్నొకటి నిండింది అని బళ్లో టీచరుకి చెప్పి నవ్వులపాలైంది కూడా. భర్త పదకొండేళ్లు వెనక నుంచి వాకీటాకీలో ఆ అంకె వచ్చినప్పుడల్లా ఆరున్నొకటి అనే చెప్పాడు. ఆమె చెవి అలా తయారైంది. తమ్ముడు ఆ ఇంట్లో పెరగలేదు.

వాడు ఆమె మొహం చూశాడు. “తప్పు చెప్పానా?”

“తర్వాత మాట్లాడదాం. ఆవిణ్ణి చివర ఎక్కడ చూశావ్?”

“మేనేజరు గారి బూటు అట్ట ఊడింది. తాడుతో కడుతుంటే ఆవిడ నన్ను దాటి ముందుకెళ్లింది. తర్వాత లెక్కపెడితే ఆరుగురే ఉన్నారు. నడక బాగుంది కదా, మీతో కలిసుంటుందనుకున్నా. అందుకే కదక్కా నీకు అంకె చెప్పింది. తేడా ఉంటే నువ్వు అడుగుతావుగా.”

అందులో ఒక్క మాట కూడా తప్పు లేదు.

చెవుల్లో తీగలు పెట్టుకున్న అమ్మాయి బల్ల దగ్గర నుంచి లేచింది. “మేడం, ఆవిడ నాతో ఏదో అన్నారు. మీరు పదండి, వస్తాను అన్నట్టుంది. పాట వస్తోంది, సరిగ్గా వినలేదు. పక్కకి, బండ వెనక్కి వెళ్లారు. పెద్ద బండ, పసుపు నాచు పట్టి ఉంది.”

ఆ బండ గైడుకి తెలుసు. రెండో మజిలీకీ మూడోదానికీ మధ్య. దాని వెనక నాలుగడుగులు చదునుగా ఉండి, ఆ తర్వాత నేల విరిగిపోతుంది.

కింద గేటు ఆఫీసుకి వాకీటాకీలో చెప్పింది. సూపర్వైజరు పలికాడు.

“వెనక ఎవరున్నారు?”

“మా తమ్ముడు.”

“అనుకున్నా. పెట్టెలు మోసేవాణ్ణి మనుషుల మీద పెట్టొద్దని నీకు మొదటే చెప్పాను.”

“స్ట్రెచరు పంపండి. పసుపు బండ దగ్గరికి.”

“రెండు గంటలు పడుతుంది, మనుషుల్ని పోగు చెయ్యాలి. పొగమంచు దిగుతోంది, చూస్తున్నావా?”

చూస్తోంది.

“నేను వెళ్తా అక్కా,” అన్నాడు తమ్ముడు. “పోగొట్టింది నేను.”

“నువ్వు వీళ్లని జీపుదారిన దించు. ఒక్కణ్ణి కూడా చెయ్యి దాటి పోనివ్వకు.”

“నన్ను పనిలోంచి తీసేస్తారా?”

తప్పు తన చెవిదని అప్పుడు చెప్పొచ్చు. చెప్పడానికి ఒక నిమిషం చాలు. ఆమె సంచిలో తాడు, దుప్పటి, ఫ్లాస్కు, కట్లు సర్దుకుని బయల్దేరింది.

ఎక్కడానికి గంటన్నర పట్టిన దారిని గంటలోపే దిగింది. రాళ్లకుప్ప దాటేసరికి మంచు బాట మీదికి వచ్చేసింది. పదడుగుల అవతల ఏముందో కనబడదు. ప్రతి యాభై అడుగులకీ ఆగి విజిల్ ఊదింది, ఊపిరి బిగబట్టి విన్నది. విజిల్ ఒకటి నర్సమ్మకి కూడా ఇచ్చి ఉండాల్సింది. గుంపుకి రెండే ఇస్తారు, ముందొకటి, వెనకొకటి. ఆ పద్ధతి ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఆమె ఏనాడూ అడగలేదు.

పసుపు బండ దగ్గర ఊదితే జవాబు రాలేదు. మళ్లీ ఊదింది. కింద ఎక్కడో రేకు మీద రాయి కొట్టిన చప్పుడు. మూడు దెబ్బలు, విరామం, మూడు దెబ్బలు.

తాడు బండకి చుట్టి, నడుముకి కట్టుకుని దిగింది. ఎనిమిది మీటర్ల కింద ఒక అంచు, మంచమంత వెడల్పు. నర్సు దానిమీద కొండకి వీపు ఆనించి కూర్చుంది. చేతిలో స్టీలు సీసా, రాయి. ఎడమ కాలికి చేతికర్ర ఆనించి, తలకి కట్టుకున్న గుడ్డతోనే కట్టు కట్టుకుంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

“నీ గడియారంలో ఎంతైంది?”

“రెండూ నలభై అమ్మా.”

“నాదీ అంతే చెబుతోంది. పగిలినా నడుస్తోంది. నేను పడి మూడు గంటల పది నిమిషాలు.”

గైడు దుప్పటి కప్పింది, ఫ్లాస్కు మూత తీసి వేడినీళ్లు పట్టించింది. మనిషి దొరికిందని గేటు ఆఫీసుకి చెప్పింది. స్ట్రెచరు అప్పుడే గేటు దాటిందట.

“అరిచారా అమ్మా?”

“గొంతు పోయేదాకా. మీ వాళ్ల మాటలు నాకు వినబడ్డాయి. ఎవరిదో బూటు గురించి నవ్వుకుంటూ పోయారు. గాలి ఇటు వీస్తోంది కదా, నా అరుపు వాళ్లకి చేరలేదు.” ఆమె దవడలు టకటకలాడాయి. “నన్ను నిద్రపోనివ్వకు. ఏదో ఒకటి మాట్లాడు. అబద్ధమైనా పర్లేదు.”

గైడు అబద్ధం వెతుక్కోలేదు. రాళ్లకుప్ప దగ్గర అడిగిన ప్రశ్న, గాలిలో వచ్చిన జవాబు, అత్తగారి మాట, మిగిలిన ప్యాకెట్టు, అన్నీ చెప్పింది. చెబుతుంటే అది కథలా వినిపించి సిగ్గేసింది.

నర్సు నవ్వింది. నవ్వుకి కాలు కదిలి మూలిగింది.

“మీ అత్తగారు ఉన్నారా?”

“గుండ్రాయిలా ఉంది.”

“మా వార్డులోనూ అదే గోల. ఏడో మంచం మీద పడుకోబెడతామంటే రోగి తరఫువాళ్లు పోట్లాటకి వచ్చేవాళ్లు. ఏడిపిస్తారా మమ్మల్ని అని. విసుగెత్తి ఆరు బై ఒకటి అని రాయించాను. గోల పోయింది. కొన్నాళ్లకి ఆ మంచం రోగికి వెయ్యాల్సిన సూది ఆరో మంచానికి పడింది.”

“చనిపోయాడా?”

“లేదు. రెండ్రోజులు ఒళ్లు తెలియకుండా పడున్నాడు, లేచాడు. సూది వేసింది ఒక కొత్త పిల్ల. దాన్ని పంపించేశారు.”

“మంచానికి ఆ అంకె వేయించింది మీరని...”

“ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.” నర్సు కళ్లు మూసుకుంది. గైడు ఆమె చెంప తట్టింది. “నిద్రపోలేదులే. ఆ పిల్ల పేరు గుర్తు తెచ్చుకుంటున్నా. దొరకడం లేదు.”

మంచు అంచు కిందికి దిగింది. గైడు ఆమె చేతులు రెండూ తన చొక్కా లోపలికి లాక్కుని పొట్టకి ఆనించుకుంది. అవి రాళ్లలా ఉన్నాయి.

“మీ తమ్ముణ్ణి ఏం చేస్తారు?”

“తీసేస్తారు.”

“నువ్వేం చెప్పావ్ వాళ్లకి?”

“వెనక ఎవరున్నారని అడిగారు. మా తమ్ముడని చెప్పాను.”

“నిజమే చెప్పావన్నమాట,” అంది నర్సు.

గైడు ఒక చెయ్యి విడిపించుకుని వాకీటాకీ నొక్కింది. సూపర్వైజరు పలికాడు.

“సార్, వెనక అంకె సరిగ్గానే వచ్చింది. ఆరుగురని చెప్పాడు. నేను ఏడుగురనుకున్నాను. మళ్లీ అడగలేదు. గది దగ్గర కూడా నేను వెంటనే లెక్కపెట్టలేదు. తప్పు ముందుది, వెనకది కాదు.”

“ఇప్పుడవన్నీ ఎందుకు? కిందికి రా, చూద్దాం.”

“కిందికొచ్చాక కూడా ఇదే చెబుతాను.”

గరగర. ఆ మాటలు తమ్ముడి చేతిలోని సెట్టులోనూ వినబడతాయి. “విన్నానక్కా,” అన్నాడు తమ్ముడు. ఇంకేదైనా అంటాడని ఆమె సెట్టు చెవి దగ్గరే ఉంచుకుంది.

“నేను ఫిర్యాదు రాస్తాను,” అంది నర్సు.

“రాయండమ్మా.”

“జాలిపడి ఊరుకుంటాననుకోకు. ఈ కాలు మళ్లీ మామూలు కాదు. అరవై మూడేళ్లకి విరిగిన ఎముక అతుకుతుంది గానీ నడక రాదు. నేను వారానికోసారి నడుస్తాను. నాకున్నది అదొక్కటే.”

గైడు ఫ్లాస్కులో మిగిలిన నీళ్లు పట్టించింది.

నాలుగూ ఇరవైకి పైన టార్చిలైట్లు కదిలాయి. నలుగురు మగవాళ్లు, ఒక స్ట్రెచరు. ఇద్దరు తాడు మీద దిగారు. గైడు కాళ్ల వైపు చెయ్యి వేయబోయింది.

“నువ్వొద్దు,” అంది నర్సు. “ఆ గడ్డపాయన్ని పట్టుకోమను. బాబూ, మోకాలు కింద ఒక చెయ్యి, మడమ కింద ఒక చెయ్యి. మడమ లాగకు. నేను కేకపెట్టినా ఆపకు. ఎత్తు.”

ఎత్తారు. ఆమె కేకపెట్టింది. వాళ్లు ఆపలేదు.

పైకి చేరాక బాట మీద నలుగురూ నాలుగు మూలలు పట్టుకున్నారు. గైడుకి మోయడానికేం మిగల్లేదు. టార్చి తీసుకుని ముందు నడిచింది. మంచులో కాలి కింద ఏముందో వెనకవాళ్లకి కనబడదు. ఆమె గట్టిగా చెబుతూ పోయింది. ఎడమ పక్క రాయి. ఇక్కడ జారుతుంది. మెట్టు, లోతుగా ఉంది. అడుగడుగుకీ చెప్పింది, గేటు దగ్గరి దీపం కనబడేదాకా. వెనక నుంచి నర్సు మూలుగు వినబడుతూనే ఉంది.