సగంలో ఆగిన చుక్కలు

వదిన మెట్ల మీద జారి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆవిడ చేసే సీరియం ఆక్సైడ్ పొడి తయారీ నా నెత్తిన పడింది. వదినా నేనూ ఒకే ప్రయోగశాలలో పనిచేస్తాం.

ఆ పొడి రేణువులు ఐదు నానోమీటర్లు దాటకూడదు. అంత చిన్నగా ఉంటేనే కంటి కణాలను పాడుచేసే చెడ్డ ఆక్సిజన్‌ను బాగా అణచగలవు. పెరిగి ముద్ద కట్టాయంటే మేం చేస్తున్న కంటి మందుకు పనికిరావు. వదిన మూడేళ్లుగా వాటిని నాలుగు దగ్గరే నిలబెట్టింది. నేను ఆవిడ నోటుపుస్తకం ముందు పెట్టుకుని, అంతే వేడి మీద, అంతే అమ్మోనియా చుక్కచుక్కగా వదిలినా మూడుసార్లూ ఇరవై దాటింది.

"ఇంతకుముందు లెక్కలు నిజమేనా అని మన మందు పరీక్షించే కంటి డాక్టరుగారు అడుగుతున్నారమ్మా," అన్నారు మా ప్రయోగశాల పెద్దసారు. "శుక్రవారంలోగా మళ్లీ నాలుగు రాకపోతే ఆ ఫలితాలన్నీ వెనక్కి తీసుకోవాలి."

నాకు ఒళ్లు మండిపోయింది. వదినది నోరు పెద్దదే గానీ దొంగలెక్కలు రాసే మనిషి కాదు. తిన్నగా ఇంటికెళ్లి అడిగేశాను.

"వదినా, పుస్తకంలో రాయనిదేమైనా చేస్తావా?"

"అన్నీ రాశానే బుజ్జీ," అని గోడవైపు చూసింది. వదిన గోడవైపు చూసిందంటే ఏదో ఉన్నట్టే.

"వదినా!"

"అరవకు. అమ్మోనియా సగం చుక్కలు పడ్డాక బ్యూరెట్ గొట్టం కుళాయి కట్టేసి బయటికెళ్తాను. మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యడానికి."

అన్నయ్య బస్సు నడుపుతాడు. ఒకటిన్నరకు ఆఖరి స్టాపులో పది నిమిషాలు ఆగుతాడు. పని మధ్యలో గది వదలకూడదన్నది మా దగ్గర నియమం, అందుకే రాయలేదట.

"పది నిమిషాలూ ఏం మాట్లాడతావు?"

"తిన్నావా అంటే ఊఁ అంటాడు. మిగతా తొమ్మిది నిమిషాలూ నేనే తిడతాను."

మర్నాడు సగంలో కుళాయి కట్టేశాను. గిన్నెలో ద్రావణం తిరుగుతూనే ఉంది. పుట్టిన రేణువులకు కుదురుకునే వ్యవధి దొరికినట్టుంది. పది నిమిషాలాగి మిగతాది వదిలాను. నాలుగు పాయింట్ రెండు! నమ్మకం కుదరక ఇంకోసారి చేశాను. మళ్లీ నాలుగే.

పెద్దసారుకి ఏదో ఒక అబద్ధం చెప్పి వదినను చిక్కులోంచి తప్పిద్దామనుకున్నాను. ఈలోపు మెడకు వేలాడే చేత్తో ఆవిడే వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది, తిట్లతో సహా.

"జరిగింది రాసి సంతకం పెట్టండి," అన్నారు పెద్దసారు.

"మొత్తమా సార్?"

"ఆగిన సంగతి చాలమ్మా. తిట్లు వద్దు."

సాయంత్రం అన్నయ్య ఇంటికి రాగానే వదిన ముందే ఆ సంగతంతా నేనే చెప్పాను. వదిన బయటికెళ్లింది పొడి కోసం కాదని, ఉద్యోగం మీదికొచ్చినా మానుకోలేదని కూడా చెప్పాను. ఆవిడకు అన్నయ్యంటే లెక్కలేదని మూడేళ్లుగా అమ్మ దగ్గర చాడీలు చెప్పిన నాకు సిగ్గేసింది. అన్నయ్య చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"రేపట్నించి ఒకటిన్నరకి ఫోన్ నేనే చేస్తాను," అన్నాడు వదినతో. "నువ్వు తిన్నావో లేదో నేనెప్పుడూ అడగలేదు."

వదినకు ఏడుపొచ్చింది. నాకూ వచ్చింది.