బ్రేకు ముందు, క్లచ్ తర్వాత

ముప్పై ఏళ్లు లక్డీకాపూల్‌లోని ఒక ఆఫీసులో కారు నడిపిన రాజనర్సయ్యకు ఒక గొప్ప ఉండేది. వెనక సీట్లో సారు కునుకు తీస్తే, ఇల్లు రాగానే తలుపు తీసి లేపాల్సిందే. బండి ఎప్పుడు ఆగిందో ఆయనకు తెలిసేదే కాదు. "నడుపుడు ఎవడైనా నడుపుతడు. ఆపుడు రావాలె" అని కొత్త డ్రైవర్లకు పాఠం చెప్పేవాడు. బ్రేకు ముందు, క్లచ్ తర్వాత. వేగం తగ్గేదాకా ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఇక ఆగుతుందనగా క్లచ్ తొక్కాలి. అంతే విద్య.

ఇప్పుడు ఆయనకు ఒక్కటే మాట వస్తుంది. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడిచేతినీ కుడికాలినీ పడగొట్టింది. నోట్లోని మాటలన్నీ ఊడ్చుకుపోతూ ఎందుకో "సరే" ఒక్కటి వదిలేసింది. నీళ్లు కావాలన్నా సరే, వద్దన్నా సరే, ఒళ్లు మండినా సరే.

ఈ ఉదయం కూతురు మానస ఆయన్ని ఇంట్లో ఉన్న పాత కారులో పక్క సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, తాను స్టీరింగు ముందు కూర్చుంది. యూసుఫ్‌గూడ నుంచి పంజాగుట్టకు ఫిజియోథెరపీ కోసం వారానికి మూడుసార్లు పోవాలి. ఆయన్ని ఆటో ఎక్కించి దించడం ప్రతిసారీ ఒక యుద్ధం. అందుకే పదిహేను రోజులు డ్రైవింగ్ స్కూలుకు పోయి నేర్చుకుంది, పిచ్చిపిల్ల.

"ఫికర్ చెయ్యకు బాపూ. మా సార్ మస్తు మెచ్చుకున్నడు. ఆపుడు మంచిగ వచ్చిందన్నడు."

అమీర్‌పేటలో ఎర్రలైటు పడింది. మానస దూరం నుంచే క్లచ్ అడుగంటా తొక్కేసింది. ఇంజను పట్టు వదిలిన బండి తన దారిన తాను పోతుంటే, అప్పుడు కంగారుగా బ్రేకు మీద పడింది. ముందున్న బస్సుకు జానెడు దూరంలో కారు ఆగింది.

రాజనర్సయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. సంగతి కూడా అర్థమైపోయింది. స్కూలు కారులో నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. పదిహేను రోజులూ బండిని ఆపింది వాడి కాలు. ఈ పిల్ల తానే ఆపాననుకుంది.

అట్లా కాదు బిడ్డా, అని అరవబోయాడు. "సరే" అని వచ్చింది.

"మంచిగ ఆపిన గదా?" మానస నవ్వింది. ఆ మాటకు అర్థం లేదని ఆమెకూ తెలుసు. అయినా మెచ్చుకోలు ఎవరికి చేదు?

ఆయన ఎడమచేయి ఎత్తి, అరచేత్తో డాష్‌బోర్డును మెల్లగా నొక్కి చూపించాడు. ఇది బ్రేకు. నొక్కుతూ, నొక్కుతూ, చివర్లో వేలితో ఒక్క పోటు. ఇది క్లచ్. మళ్లీ మొదటి నుంచి చూపించాడు. మానస జాలిగా చూసింది.

"దుమ్మున్నదా బాపూ?" అని చున్నీతో డాష్‌బోర్డు తుడిచింది.

ఆయనకు ఏడుపొచ్చింది. ఆఫీసులో చేరిన ప్రతివాడికీ నేర్పాడు. ఇదే పిల్ల ఇంటర్ అయ్యాక కారు నేర్పమని నెలరోజులు వెంటపడితే మాత్రం, "నీకెందుకు బిడ్డా, నేనున్న గదా" అన్నాడు. దీపం కిందే చీకటి. అప్పుడు నోటినిండా మాటలుండేవి మహానుభావుడికి.

పంజాగుట్టలో ఆ బిల్డింగుకు పార్కింగు నేల కింద ఉంది. లోపలికి దిగే దారి బాగా ఏటవాలు. అక్కడ మొదటి గేరు వేసి, క్లచ్ వదిలేసి, ఇంజను పట్టు మీద దిగాలి. మానస క్లచ్ తొక్కిపట్టి దిగింది. బండి వేగం పుంజుకుంది. ఎదురుగా మలుపులో సిమెంటు స్తంభం.

రాజనర్సయ్య ఎడమకాలు కింది మ్యాటును బలంగా తొక్కింది. అక్కడ ఏ బ్రేకూ లేదు. హ్యాండ్‌బ్రేకు కుడిచేతి పక్కనే ఉంది, ఆ చేయేమో ఎవరిదో అన్నట్టు ఒళ్లో పడి ఉంది. ఎడమచేతిని పొట్ట మీదుగా చాచాడు. బెల్టు బిగిసింది. వేళ్లు హ్యాండ్‌బ్రేకు కొసను తాకాయిగానీ పట్టు చిక్కలేదు.

"సరే! సరే! సరే!"

అప్పుడు తొక్కింది మానస బ్రేకు. బంపరు వెళ్లి స్తంభానికి కొట్టుకుంది. పెద్ద దెబ్బేం కాదు. ఒక లైటు పగిలింది, క్లచ్ మీది కాలు జారి ఇంజను ఆగిపోయింది.

సెక్యూరిటీ మనిషి పరుగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా, చూసుకుంట రావద్దా? జర వెనక్కి తియ్యుండ్రి, బండ్లన్నీ ఆగినయ్."

మానస తాళం ముట్టుకోలేదు.

"నాకు ఆపుడు రాదు బాపూ." వెక్కుతూ అంది. "నీకొస్తది. అందరికి నేర్పినవ్. నాకైతే నేనున్న గదా అంటివి. ఇగో, పక్కనే ఉన్నవ్. ఇప్పుడు చెప్పు, నేనేం చెయ్యాలె?"

తప్పు నాదే బిడ్డా, అనాలనుకున్నాడు. బ్రేకు ముందు, క్లచ్ తర్వాత, గంతే బిడ్డా, అనాలనుకున్నాడు. నోరు తెరిచాడు. పెదవి ఒక పక్కకు జారింది.

"సరే" అన్నాడు.