రెండు జాడల బాట

ఏటి పక్క బాటకి రెండే జాడలు. ట్రాక్టర్లు తిరిగీ తిరిగీ నేల గట్టిపడగా ఏర్పడ్డ చక్రాల జాడలు. వాటి మధ్య మోకాలెత్తున గడ్డి. ఒక జాడలో ఒకరు, రెండో జాడలో ఒకరు కబుర్లు చెప్పుకుంటూ హాయిగా నడవొచ్చు. మూడో మనిషి వస్తే మాత్రం వెనక పడాల్సిందే.

ఎనిమిదేళ్ళుగా ఆ రెండో జాడ పెద్దకోడలిది.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊరందరి మాటలూ ఒకరివొకరికి కలిపి, తన మాటలు మాత్రం దాచుకుని, ఆఖరికి పెన్షన్‌తో పాటు వాటినీ ఇంటికి తెచ్చుకుంది. ఎత్తుపల్లాలు లేని చోట రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. దానికేం కొదవ? పెరటి తలుపు తీస్తే అరచేతిలా చదునైన చేలు, చేలు దాటితే ఏరు. ఆవిడ నడిచింది, మాట్లాడింది. పెద్దకోడలు పక్కన నడిచింది, వింది.

పెద్దకోడలు పనిచేసేది కుట్టుపని షాపులో. స్కూలు యూనిఫారాలకి అంచులు మడిచి కుట్టడం. పొద్దంతా మిషన్ల రొద. ఇంటికొస్తే మొగుడి చెవులు టీవీకి, పిల్లల కళ్ళు ఫోనుకి. "ఏమే, ఇవాళ నీ మొహం వాడిందేం?" అని అడిగే నోరు ఆ ఇంట్లో అత్తగారిదొక్కటే. అదీ ఆ బాట మీదే.

ఈ ఏడు చిన్నకొడుకు బదిలీ మీద వచ్చి పై వాటాలో దిగాడు. అతని భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. సూది గుచ్చే లోపల మనిషిని మాటల్లో పెట్టడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. వచ్చిన వారానికే ఆ విద్య అత్తగారి మీద పనిచేసింది.

"నేనూ రానా అత్తయ్యా నడకకి?"

"రావే. ఏరేమన్నా నా పుట్టింటి సొత్తా?"

"గడ్డిలో పురుగూ పుట్రా ఉంటాయమ్మా, నీకెందుకు శ్రమ" అంది పెద్దకోడలు, ఎంతో ప్రేమగా.

"బూట్లున్నాయిగా అక్కా!"

బూట్లున్నాయి, చలాకీ కాళ్ళున్నాయి. బళ్ళు తెరిచే రోజులు కావడంతో పెద్దకోడలికి షాపులో ఆలస్యమవుతోంది. ఉరుకులు పరుగుల మీద బాట అందుకునేసరికి రెండు జాడలూ నిండి ఉండేవి. వెనక నుంచి రెండు వీపులు చూస్తూ నడవడమే ఆమె వంతు. అత్తగారు ఏదో అనడం, చిన్నది కిలకిలా నవ్వడం. మాట ముక్కలు ముక్కలుగా వెనక్కి వచ్చేది, పెళ్ళివారంతా తిన్నాక మిగిలిన బూందీలా.

అయినా ఓర్చుకునేదే. ఎందుకంటే ఆమె దగ్గర ఒక నిధి ఉంది.

ఎప్పుడో ఒక సాయంత్రం, పాత రేవు మెట్ల దగ్గర అత్తగారు ఆగి ఒక సంగతి చెప్పింది. కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ అలిగి, సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుని ఇల్లు విడిచి వచ్చేసిందట. ఆ మెట్ల మీద కూర్చుందట. పడవ వచ్చింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. చీకటి పడే వేళకి లేచి ఇంటికే వెళ్ళిపోయిందట. ఆవిడ వెళ్ళినట్టే ఎవరికీ తెలియలేదు. "ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావు?" అన్నాడట మామగారు. అంతే. ఆ సంగతిని పెద్దకోడలు మొగుడికి కూడా చెప్పకుండా గుండెలో మూటకట్టుకుంది. చిన్నదానికి ఎన్ని నవ్వులు దక్కినా, అది తనొక్కదాని సొత్తు.

ఆ రోజు రేవు మెట్ల దగ్గర ముందున్న వీపులు రెండూ ఆగాయి.

"ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావు అన్నారే మీ మామయ్య!"

అవే మాటలు. ఉప్పు దగ్గర అదే విరుపు. చిన్నది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అయ్యో అత్తయ్యా!" అంటూ ఆవిడ భుజం నిమిరింది.

పెద్దకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. తనకి ఆ రోజు భుజం నిమరాలని తోచలేదు. పిచ్చిమొహంలా నిలబడి వింది. ఎనిమిదేళ్ళ తర్వాత ఎవరో వచ్చి ఎలా వినాలో నేర్పుతున్నట్టుంది.

మర్నాడు షాపులో ఒంట్లో బాగాలేదని చెప్పి ముందే వచ్చేసింది.

"బాట మీద దుమ్ముగా ఉంది. ఉల్లి చేల మధ్య నుంచి పోదాం అత్తయ్యా" అంది.

చేల మధ్య ఉన్నది గట్టు. దాని మీద ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. పక్కన ఎవరికీ చోటుండదు. తనకి లేని చోటు ఇంకెవరికీ వద్దు.

తను ముందు, అత్తగారు మధ్యన, చిన్నది వెనక. పెద్దకోడలి లెక్క అక్కడే తప్పింది. మధ్యలో ఉన్న మనిషి వెనక్కి తిరిగి కూడా మాట్లాడగలదు. చేలకి ఆ పొద్దునే నీళ్ళు పెట్టారు, గట్టు నానింది. తల వెనక్కి తిప్పి, "ఇంకో సంగతి చెప్తా వినవే చిన్నదానా" అంటూనే అత్తగారు జర్రున జారింది. ఒక కాలు పిక్క దాకా బురదలోకి పోయింది.

పెద్దకోడలు కెవ్వుమని అక్కడే నిలబడిపోయింది. చిన్నది మాత్రం బూట్లతో సహా బురదలోకి దిగింది. కాలు లాగింది, బురదలో చెయ్యిపెట్టి చెప్పు వెతికి తీసింది, చీలమండ నొక్కి చూసింది.

"ఏం కాలేదు అత్తయ్యా, కొంచెం బెణికింది. నడిస్తే వాస్తుంది. నేను వెళ్ళి స్కూటర్ తెస్తా. అక్కా, నువ్వు దగ్గరుండు."

ఇద్దరూ కలిసి ఆవిడని మెల్లగా నడిపించి ఏటి గట్టున తూము గోడ మీద కూర్చోబెట్టారు. చిన్నది చకచకా ఊరివైపు వెళ్ళిపోయింది.

"ఇప్పుడు చెప్పు" అంది అత్తగారు, కాలి బురద గడ్డితో తుడుచుకుంటూ. "బాట ఉండగా నన్నీ గట్టెందుకెక్కించావు?"

పెద్దకోడలు బురద చెప్పుని గడ్డికేసి రుద్దుతూ అంది, "పడవ సంగతి చిన్నదానికి కూడా చెప్పారు."

"ఏ పడవ?"

"మీరు ఇల్లు విడిచి వచ్చేసిన సంగతి. ఉప్పు డబ్బా."

"ఓసి అదా! అది అందరికీ చెప్తానే. పాలవాడికి చెప్పాను. కళ్ళ డాక్టరుకి చెప్పాను."

"నాకు చెప్పినప్పుడు రహస్యంలా చెప్పారు."

"నేను టైమెంతైందో కూడా అలాగే చెప్తాను. గొంతే అంత." అత్తగారు చెయ్యి ఆపి చూసింది. "కొంపదీసి ఎవరికీ చెప్పకుండా దాచావా ఏంటి? మీ ఆయనకి కూడా?"

"చెప్పలేదు."

"వాడికి తెలుసే పిచ్చిదానా! పుట్టినప్పటి నుంచీ వింటున్నాడు."

ఏడవాలో నవ్వాలో తెలియక పెద్దకోడలు ఏటి వైపు తిరిగింది. నీళ్ళు చప్పుడు లేకుండా పోతున్నాయి. అటే చూస్తూ అంది, "చిన్నది మీ పక్కన నడుస్తుంటే చూడలేకపోతున్నానత్తయ్యా. కుళ్ళు. ఎవరితోనూ అనలేదు."

"అదీ రహస్యమేనా? వీధి వీధంతా చెప్పుకుంటోంది." ఆవిడ నవ్వబోయి, కోడలి మొహం చూసి మానేసింది. "దానికి కొత్త చోటు. మొగుడు డ్యూటీ నుంచి ఎప్పుడొస్తాడో తెలియదు. నాతో కాక ఎవరితో వాగుతుంది?"

మళ్ళీ చిన్నదాని మాటే! ఇంతసేపటికి ఒంటరిగా దొరికితే ఇక్కడా చిన్నదే.

"వస్తోందేమో చూడు. నాకు ఆ చెట్టు దాటితే ఏదీ ఆనదు. కంటి ఆపరేషన్ అయ్యేదాకా ఇంతే" అంది అత్తగారు.

పెద్దకోడలు చూడలేదు. "ఆ రోజు పడవ ఎక్కి ఉంటే ఎక్కడికి వెళ్ళేవారు?" అని అడిగింది.

అత్తగారి చేతిలో గడ్డిపోచ ఆగింది.

"విచిత్రం చూడు" అంది, ఈసారి మామూలు గొంతుతో. "ఇంతమందికి చెప్పానా, ఎవ్వరూ ఆ మాట అడగలేదు. ఉప్పు డబ్బా దగ్గర నవ్వేసి ఊరుకుంటారు."

"నేనూ అడగలేదు."

"నువ్వూ అడగలేదు. వెళ్ళడానికి ఒక చోటుండేదిలే. అవతలి ఒడ్డున, మా ఎక్స్‌చేంజిలో నాకు పని నేర్పిన ఒకావిడ..." ఆగింది. "వస్తోందా అది? పాపం తడి బూట్లతో పరిగెట్టింది."

పెద్దకోడలు తల తిప్పి చూసింది. బాట వైపంతా కోతలైపోయిన చదును నేల. అక్కడ మనిషి ఎంత దూరాన ఉన్నా దాగడు. బాట మొదట్లోనే స్కూటరు కనిపించింది. దాని మీద చిన్నది, అప్పుడే ఒక చెయ్యి ఎత్తి ఊపుతోంది.

"ఇంకా లేదత్తయ్యా" అంది పెద్దకోడలు, గోడ మీద ఇంకాస్త దగ్గరికి జరుగుతూ. "మీరు చెప్పండి."