కమాను విరిగిన రోజు

నేను ఒక అంబాసిడర్ కారుని. కాదు, లారీని. ఆగండి, ఆ తగువు తేలిన రోజు గురించే చెప్పబోతున్నాను!

పుట్టడం కారుగానే పుట్టాను. పదకొండేళ్ళు రావులపాలెంలో టాక్సీగా పెళ్ళివారిని మోశాను. ముగ్గురు పట్టే సీట్లో ఆరుగురు ఇరుక్కుని, బండి లాగడం లేదని నన్నే తిట్టేవారు. తర్వాత టాక్సీ ఎక్కేవాళ్ళే కరువయ్యారు. మా ఓనరు నూకరాజు గుండె రాయి చేసుకుని, నా వెనక సగం కోయించి ఇనుప తొట్టి బిగించాడు.

రవాణా ఆఫీసు కాగితాల్లో నేను సరుకుల బండినే. అరటి మార్కెట్టు మాత్రం ఒప్పుకోలేదు. అక్కడ వరసలో నంబరున్న బండికే గెలలు ఎక్కుతాయి. ఆ నంబరు ఇచ్చేది హమాలీల మేస్త్రి గంగులు. లారీ ఎక్కే ముందు అతను వెనక తలుపు తాకి కళ్ళకద్దుకుంటాడు. నా తొట్టి మీద మాత్రం రెండు దరువులేసి నవ్వాడు.

“తోక కోసినంత మాత్రాన కారు లారీ అయిపోద్దేంటి నూకరాజూ? ఎల్లి పెళ్ళోరిని ఎక్కించుకో.”

నెల రోజులు గేటు బయటే పడిగాపులు కాశాం. ఇక లాభం లేదని, సోమవారం నన్ను పాత ఇనుముకి ఇచ్చేస్తానన్నాడు నూకరాజు. నా ఇంజను చల్లబడిపోయింది.

ఆదివారం పొద్దున్నే గోదావరి పొంగింది! లంకలో కోసిన గెలలన్నీ నీళ్ళపాలయ్యేలా ఉన్నాయి. అక్కడికి వెళ్ళే ఇరుకు గట్టు మీద లారీ పట్టదు. గంగులే వచ్చి, ముఖం ఎటో పెట్టుకుని, ఒకసారి బండి తెమ్మని అడిగాడు.

ఎంత సంబరమో నాకు! యాభై గెలలు ఎక్కేసరికి వెనక భాగం నేలకి దిగి, నా లైట్లు ఆకాశం చూశాయి. అయినా కదిలాను. ఒక విడత, రెండు విడతలు. మూడోసారి గట్టు దిగుతుంటే, వెనక చక్రాల మీద బరువంతా మోసే కమాను పట్టీ ఫట్‌మని విరిగింది. నూకరాజు దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాడు. నేను ఒక పక్కకి ఒరిగి, కుంటుకుంటూనే మార్కెట్టు చేరాను. గెలల్లో ఒక్క కాయ కూడా నలగలేదు.

గంగులు వంగి నా కిందికి చూశాడు. విరిగిన పట్టీని చేత్తో తడిమాడు.

“కమాను ఇరిగేదాకా మోసింది కదరా. ఇంకేం కావాలి? పదిహేడో నంబరు రాయండి.”

ఆ తర్వాత సరుకు దించడానికి ఎక్కబోతూ, నా వెనక తలుపు తాకి కళ్ళకద్దుకున్నాడు. నాకు హారను మోగించాలనిపించింది.

ఆ నంబరు మీద ఏళ్ళ తరబడి గెలలు మోసి, ఇప్పుడు నూకరాజు రేకుల షెడ్డులో విశ్రాంతి తీసుకుంటున్నాను. ఆనాడు విరిగిన పట్టీ గుమ్మం మీద వేలాడుతోంది. మొన్న పాత కార్ల పిచ్చున్న ఆసామి ఒకాయన వచ్చి, ఈ కారు అమ్ముతారా అని అడిగాడు.

నూకరాజు షెడ్డంతా కలయజూశాడు.

“కారా? ఇక్కడ కారెక్కడుందండీ?” అన్నాడు.