అచ్చులో పడ్డ మాట

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడిపే అంతయ్య ఏ మాట విన్నా ముందు ఒకటే చూస్తాడు: చెప్పినవాడికి ఇందులో ఏం మిగులుతుంది? భార్య అరుణమ్మ లెక్క వేరు. ఫోన్లో వచ్చింది అబద్ధం, పేపర్లో వచ్చింది నిజం. అబద్ధానికి ఎవడైనా అచ్చు ఖర్చు పెడతాడా అని ఆమె వాదన.

ఆ నమ్మకంతోనే షుగర్ మాత్రలు మానేసి, మొగుడికి చెప్పకుండా ఏదో ఆకుపొడి తాగుతోంది. ఆ మధ్యాహ్నం కొట్లోనే కళ్లు తిరిగి, గల్లాపెట్టె పట్టుకుని కూలబడ్డాక సంగతి బయటపడింది.

"మాత్రలెందుకు బంద్ జేసినవే?"

"పేపర్ల రాసిండ్రు. గీ పొడి తాగితే షుగరే ఉండదట. డాక్టర్ ఫొటో గూడ ఏసిండ్రు." సంచిలోంచి మడత పెట్టిన పేజీ తీసింది.

అంతయ్య చూశాడు. అచ్చం వార్తలాగే ఉంది. రాసినవాడి పేరు లేదు. డాక్టరుది ఏ దవాఖానో లేదు. పొడి కొనడానికి ఫోన్ నంబరు మాత్రం పెద్దగా ఉంది. పై మూలన చీమ తలంత అక్షరాల్లో 'ప్రకటన' అని ఉంది.

"వార్త కాదే ఇది. పొడి అమ్మేటోడు పైసలిచ్చి ఏయించుకున్నడు."

"పైసలిస్తే అబద్ధమైతదా? 'దుకాణం మూసేస్తున్నాం, సగం ధరకే' అని నువ్వు ఏయిస్తలేవా? గదీ అబద్ధమేనా?"

ఎదురుగా పరుపు మీద కూర్చున్న వెంకాయమ్మ, చేతిలో గద్వాల చీరతో, తలెత్తింది. దుకాణం మూసేస్తున్నారన్న ఆ ప్రకటన చూసే చీరలు కొనడానికి వనస్థలిపురం నుంచి వచ్చిందామె.

నిజమంటే అరుణమ్మ పొడి మానదు. అబద్ధమంటే ఈ గిరాకీతోపాటు ఆమె కాలనీ ఆడవాళ్లంతా పోతారు. పోయిన గిరాకీ ఎప్పటికైనా వస్తుంది.

"అబద్ధమే," అన్నాడు అంతయ్య. "మూసేది లేదు, ఏం లేదు. ఏండ్ల సంది గదే ఏయిస్తున్న."

"ఇదేం చోద్యమండీ! మూసేస్తున్నారనే కదా ఇంత ఎండలో పడి వచ్చాను!" వెంకాయమ్మ చీర అక్కడే వదిలేసింది. "మా వీధిలో వాళ్లక్కూడా చెప్తాను లెండి, తీరిగ్గా రావచ్చని!" విసురుగా చెప్పులేసుకుని మెట్లు దిగింది.

అరుణమ్మ మొగుణ్ని ఎగాదిగా చూసింది. వచ్చిన గిరాకీని చేజేతులా పంపించడం అతనికి చేతకాని పని. అది చూడటం ఆమెకు ఇదే మొదటిసారి.

"పిచ్చిగాని లేసిందా నీకు?" అంది. సంచిలోంచి పొడి డబ్బా తీసి చెత్తబుట్టలో పడేసింది. "ఆటో పిలువు. దవాఖాన్ల జూపించుకుంటా."