సుగుణమ్మ గారి చేతి వంట

మా ఇంటి ముందర గదికి బోర్డు లేదు. బోర్డు చూసి కాశీకి పోయేవాళ్లు ఎవరూ ఉండరనీ, మనిషిని చూసే పోతారనీ మా ఆయన లింగయ్య అంటాడు. ఆ మాట నిజమే. కాకపోతే ఆయన చూపించే మనిషిని నేను.

దేవరకొండలో ఆయన బుకింగ్ క్లర్కుగా ఉన్న బస్సు ఆఫీసు మూతబడ్డాక ఇంట్లోనే యాత్రల పని మొదలుపెట్టాడు. పెద్ద పెట్టుబడేమీ లేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక లూనా. బస్సు కిరాయిది, డ్రైవర్ హమీద్ మాత్రం మొదటి నుంచీ మా మనిషే. కార్తీకంలో ఒక ట్రిప్పు, మాఘంలో ఒక ట్రిప్పు. మిగిలిన నెలలన్నీ ఆ సీట్లు నింపడానికే సరిపోయేవి.

సీట్లు నింపడం అంటే తిరగడం. పసుపు కాగితాల మీద కరపత్రాలు అచ్చు వేయించి అంగళ్లలో పంచేవాడు. కాశీకి పోయివచ్చిన ఇంట్లో గంగపూజ చేసి ఊరికి భోజనం పెడతారు కదా, పిలిచినా పిలవకపోయినా ఆ పంక్తిలో మా ఆయన ఉండేవాడు. పక్క విస్తరి ముందు కూర్చున్న ముసలాయనను మెల్లగా కదిలించేవాడు. "నీకు కూడ పోవాలని లేదా పెదనాయినా?" అంటే, ఎక్కడైనా జవాబు ఒక్కటే. "పోవాలనే ఉన్నది. తొవ్వల తిండి ఎట్ల? గోధుమ రొట్టె నాకు పడది. ఆడ ఆవనూనె పోస్తరట గదా, గా వాసనకే కడుపుల తిప్పుతది."

మా ప్రాంతపు ముసలివాళ్లకు దేవుడి మీద ఎంత భక్తో పరాయి తిండి మీద అంత భయం. అది కనిపెట్టిన రోజు నుంచి నా బతుకు మారిపోయింది. కరపత్రంలో ఒక లైను చేరింది: 'దారి పొడవునా సుగుణమ్మ గారి చేతి వంట.' విశ్వనాథుడి పేరు కన్నా నా పేరే పెద్ద అక్షరాల్లో ఉండేది. నేను ఆయన భార్యనని మాత్రం ఎక్కడా లేదు. ఉట్టి పేరే.

అంతటితో ఆగితే బాగుండేది. అంగడి రోజు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను నేరుగా ఇంటికి తోలుకొచ్చేవాడు. "తిని చూడుండ్రి. నచ్చితెనే బస్సెక్కుండ్రి" అనేవాడు. పెళ్లిచూపుల్లో పిల్లను కూర్చోబెట్టినట్టు నా పచ్చిపులుసును వాళ్ల ముందు పెట్టేవాడు. వాళ్లు జుర్రుకుంటూ తాగి, చేతులు కడుక్కొని, "ఇంట్ల అడిగి చెప్తం" అని పోయేవాళ్లు. అడిగి చెప్పినవాళ్లు కొందరు, ఉట్టిగా తినిపోయినవాళ్లు చాలామంది. వాళ్లందరి గిన్నెలూ తోమింది నేనే.

కాశీకి ఎన్నిసార్లు పోయావని నన్ను అడిగి దండం పెడతారు జనం. ఎన్నిసార్లయితే ఏం? అందరూ దర్శనానికి పోయినప్పుడు నేను బస్సు పక్కన గాలికి ఆరిపోయే స్టవ్వుతో కుస్తీ పట్టేదాన్ని. వాళ్లు వచ్చేసరికి అన్నం గంజు దించి ఉండాలి. తిన్నాక ఆ గంజులు తోమి బస్సు మీదికి ఎక్కించాలి. మళ్లీ ఇంకో ఊరు. నడుము పట్టేసి రాత్రుళ్లు సీట్లో వంగిపోయి పడుకునేదాన్ని. ఈ ఏడాదితో చాలని ప్రతి ఏడూ అనుకున్నాను. అనుకోవడం దగ్గరే ఆగిపోయింది.

తొంభై నాలుగు మాఘంలో మాత్రం ఆగలేదు. మా బిడ్డ మంజులతకు అది తొలి కాన్పు. పురిటికి నా దగ్గరికే వచ్చింది. కాళ్లు వాచి, ముఖం పాలిపోయి ఉంది. దవాఖానలో నర్సు బీపీ చూసి జాగ్రత్త అన్నది. బస్సు బయలుదేరే నాటికే నెలలు నిండుతాయి.

"ఈసారి నేను రాను" అన్నాను మా ఆయనతో.

"పేరు అచ్చయింది సుగుణా! అమ్రాబాద్ దిక్కు బస్సు నిండ సీట్లు ఒప్పుకున్నరు. అందరు గా పేరు చూసే ఒప్పుకున్నరు."

నాకు ఒళ్లు మండింది. "అయితే పేరునే తీసుకపో. నన్ను ఇడిసిపెట్టు" అన్నాను.

ఆయన ఆ మాటను అంత నిజంగా పట్టుకుంటాడని నాకేం తెలుసు?

మా సందులోనే ఉండే బిక్షమ్మను వంటకు మాట్లాడాడు. పెళ్లిళ్లకు వండే మనిషి. భర్త భీవండి మిల్లులో పని చేస్తూ ఎప్పుడో ఒకసారి వచ్చిపోతాడు. పిల్లలు లేరు. పచ్చిపులుసులో ఉప్పు ఎప్పుడు వేయాలో, చింతకాయ తొక్కు ఏ జాడీలో పెట్టాలో దగ్గర కూర్చోబెట్టి చెప్పి పంపాను.

మంజులతకు నొప్పులు మొదలై రెండో రోజుకు కూడా కాన్పు కాలేదు. నల్లగొండకు తీసుకపొమ్మంటారేమోనని దవాఖాన వరండాలో నిలబడి వణికిపోయాను. పక్కన మగమనిషి లేడు. అందరినీ గంగలో ముంచడానికి పోయిన మా ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. చివరికి ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. ఆయమ్మ కాళ్లు పట్టి తలకిందులుగా చేసి వీపు మీద చరిస్తే అప్పుడు ఏడ్చింది. నేను అక్కడే నేల మీద కూలబడి దానికన్నా గట్టిగా ఏడ్చాను.

యాత్ర బస్సు తిరిగి వచ్చాక మొదట ఇంటికి వచ్చింది హమీద్. పిల్లను చూసి, చాయ్ తాగి, చెప్పాలా వద్దా అన్నట్టు మొదలుపెట్టాడు.

"వదినా, నువ్వు ఫికర్ చేయొద్దు. అచ్చంపేటల బస్సెక్కంగనే అందరు 'సుగుణమ్మ ఏది' అని అడిగిండ్రు. లింగన్న బిక్షమ్మను చూపిండు."

మొదట నాకు నవ్వు వచ్చింది. "మరి బిక్షమ్మ ఏమన్నది?"

"ఏమంటది? తల వంచుకొని ఉల్లిగడ్డలు కోసుకుంట కూసున్నది. వచ్చేదాంక గదే పేరు."

నిజం చెప్పాలంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. నా పేరు నేను లేకుండానే కాశీకి పోయి, వండి, గిన్నెలు తోమి వచ్చింది. నా నడుముకు అంతకన్నా ఏం కావాలి?

కొన్ని వారాలకు అమ్రాబాద్ నుంచి పిలుపు వచ్చింది. యాత్రకు వచ్చినవాళ్లంతా కలిసి ఒకేచోట గంగపూజ పెట్టుకున్నారు. సుగుణమ్మను తప్పకుండా తోలుకరావాలని కబురు.

"బిక్షమ్మను తోలుకపోతున్న" అన్నాడు మా ఆయన, నా ముఖం వైపు చూడకుండా. "నువ్వు కూడ రా. ఆడ సుట్టాలు మస్తుగ వస్తరు. పని మంచిగైతే వచ్చే మాఘానికి రెండు బస్సులు. అప్పుడు వండేటోళ్లు ఇద్దరు కావాలె గదా."

"ఇద్దరా?"

"సుగుణమ్మకు తోడుగ ఇంకొకామె. ఇప్పటినుంచే నిన్ను ఆళ్లకు చూపెడ్తె..." గొంతు తగ్గించాడు. "నిన్ను బిక్షమ్మ అని చెప్తం. జర సర్దుకో."

ఆ మాటకు నేను అరిచి ఉండాల్సింది. అరవలేదు. ఇన్నేళ్లు సర్దుకున్న మనిషికి అరవడానికి కూడా ఓపిక మిగలదు. పైగా, సుగుణమ్మగా ఇంకొకామె ఎట్లా ఉంటుందో చూద్దామని కూడా అనిపించింది. పిల్లనూ తల్లినీ పక్కింటి యాదమ్మకు అప్పగించి జీపెక్కాను.

అమ్రాబాద్‌లో జీపు దిగగానే ముసలివాళ్లు బిక్షమ్మను చుట్టుముట్టారు. "అగో సుగుణమ్మ వచ్చింది!" అంటూ ఒకామె చేయి పట్టుకుంది, ఇంకొకామె చెంపలు నిమిరింది. జ్వరం వచ్చినప్పుడు జావ కాచి పోసిందని ఒక ముసలాయన అందరికీ చెబుతున్నాడు. నేను చెప్పుల దగ్గర నిలబడ్డాను. నాకు ఈర్ష్య పుట్టింది. వద్దు వద్దనుకున్న పేరే, అయినా పుట్టింది. నేను వండి పెట్టిన ఏ ఊరివాళ్లూ నా చెంపలు నిమరలేదు. ఇంతమంది మధ్య బిక్షమ్మ నాలాగా గంజుల వెనక దాక్కోకుండా వాళ్లతో కూర్చుని మాట్లాడి ఉంటుంది.

భోజనాలయ్యాక అందరిలో పెద్దదైన ఈదమ్మ, ఆ ఇంటి అవ్వ, బిక్షమ్మను పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టింది. ఒళ్లో ఆకుపచ్చ చీర పెట్టింది. మా ఆయన నా పక్కకు వచ్చి నిలబడి, కొత్తగా అచ్చయిన పసుపు కాగితాలు చేతిలో సిద్ధంగా పట్టుకున్నాడు.

అప్పుడు ఈదమ్మ అడిగింది. "అవును గని సుగుణమ్మా, నీ బిడ్డ కాన్పు ఎట్లయింది? నువ్వు కండ్లనీళ్లు పెట్టుకున్నవని మేమందరం గంగల మునిగి మొక్కుకుంటిమి. ఏం పుట్టింది బిడ్డా?"

అందరూ ఆ జవాబు కోసమే ఎదురు చూస్తున్నారు. బిక్షమ్మ తలెత్తి నన్ను చూసింది. జవాబు నాకే వదిలేసింది. అబద్ధం చెప్పలేకనో, మనసొప్పకనో. మా ఆయన మోచేత్తో నన్ను మెల్లగా పొడిచాడు, ఊరుకో అన్నట్టు.

పేరిచ్చాను. వంట ఇచ్చాను. ఆ చీర కూడా పోనీ. కానీ దవాఖాన వరండాలో వణికింది నేను. పుట్టీ ఏడవని ఆ పిల్ల కోసం నేల మీద కూలబడ్డది నేను.

"ఆడపిల్ల" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "రెండు దినాలు గోసపడ్డది నా బిడ్డ. ఇప్పుడు ఇద్దరు మంచిగున్నరు. నా మనుమరాలు అవ్వా. సుగుణమ్మను నేను. ఆమె బిక్షమ్మ."

ఈదమ్మ నన్నూ బిక్షమ్మనూ మార్చి మార్చి చూసింది. బిక్షమ్మ చీర పీట మీద పెట్టి లేచి నిలబడింది. ఏడుస్తూనే చెప్పింది.

"నన్ను మాఫ్ చేయి అవ్వా. పిల్లలెందరని మీరడిగిండ్రు. నాకు లేరు. అక్క పేరు పెట్టుకున్నంక అక్క బిడ్డనే నా బిడ్డ అని చెప్పిన. చెప్పంగ చెప్పంగ నిజంగనే భయమైంది, ఆ పిల్లకు ఎట్లయితదో అని."

ఆ మాటతో నా ఈర్ష్య అంతా ఎటో పోయింది. నేను లేనిచోట, నా బిడ్డ కోసం ఒక మనిషి నిజంగా ఏడ్చింది.

ఈదమ్మ గడ్డం కింద చేయి పెట్టుకొని అంతా విన్నది. తర్వాత, "పేరేదైతేంది, మొక్కు పోవాల్సిన జాగకే పోయింది" అంటూ చీర తీసి మళ్లీ బిక్షమ్మ చేతిలోనే పెట్టింది. నా దగ్గరికి వచ్చి నల్లటి కాశీదారం ఒకటి అరచేతిలో ఉంచి, పిల్లకు కట్టమంది. మా ఆయన వైపు తిరిగి మాత్రం, "నువ్వు గిట్ల చేస్తవా లింగయ్యా?" అన్నది. ఆయన తల దించుకున్నాడు. అరనిమిషమే.

తల ఎత్తేసరికి ముఖం వెలిగిపోతోంది. ఆయన ఏ పంక్తినీ వదులుకునే మనిషి కాదు. "తప్పయింది అవ్వా! గందుకే వచ్చే మాఘం ఇద్దరిని తోలుకొస్తున్న. సుగుణమ్మ, బిక్షమ్మ, ఇద్దరి చేతి వంట!" అంటూ కాగితాలు పంచడం మొదలుపెట్టాడు. నేను బయటపెట్టిన నిజం కూడా ఆయన చేతిలో కరపత్రమైపోయింది.

"నేను రాను" అన్నాను అందరి ముందే. "వచ్చే మాఘం రాను. ఆ తర్వాత కూడ రాను."

తిరుగు దారిలో జీపు డిండి దాటాక ఆయనే గొణిగాడు, "బిక్షమ్మ అంటె ఎవరికి ఎరుక?"

"అమ్రాబాద్‌ల అందరికి ఎరుక" అన్నాను. "నా పేరు కొట్టేసి ఆమె పేరు అచ్చెయ్యి."

హమీద్ అద్దంలోంచి నన్ను చూసి నవ్వాపుకున్నాడు. బిక్షమ్మ చీర మూటను గుండెకు హత్తుకొని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మళ్లీ అంగడి రోజు వచ్చింది. పొద్దెక్కేసరికి మా ఆయన నలుగురు ముసలివాళ్లను వెంటబెట్టుకొని వాకిట్లోకి వచ్చాడు. అలవాటు కొద్దీ అక్కడినుంచే కేకేశాడు. "సుగుణా! నలుగురొచ్చిండ్రు. పచ్చిపులుసు పెట్టు!"

నేను బావి దగ్గర కాళ్లు చాపుకొని కూర్చున్నాను. కాళ్ల మీద మనుమరాలు బోర్లా పడుకొని ఉంది. ఒళ్లంతా నూనె, మణికట్టుకు నల్లదారం. వేడినీళ్లు పడగానే గుక్కపట్టి ఏడుస్తోంది.

"కాళ్ల మీద పిల్లున్నది" అన్నాను. "లేవరాదు. బిక్షమ్మ ఇల్లు గా సందులనే ఉన్నది, అటు తోలుకపో."

ఆయన ఆ నలుగురినీ తీసుకొని అటే వెళ్లిపోయాడు. నేను ఇంకో చెంబు నీళ్లు పోశాను.